ఎలాస్మోసారస్ మెడ ఎంతవరకు వంచాలి? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ, మాది దేవరకొండ. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాప సైన్స్ ఫెయిర్‌కి ఎలాస్మోసారస్ (డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన పొడవాటి మెడ సరీసృపం) బొమ్మ చేస్తోంది. 1957 నాటి 'ది ల్యాండ్ అన్‌నోన్' సినిమాలో నీళ్లలోంచి తల ఎత్తి మనుషుల మీదికొచ్చే రాక్షసి ఇదే. పాప కూడా అలాగే, పడగెత్తిన నాగుపాములా చేసింది. లోపల బైండింగ్ వైరు, పైన మైదాపిండితో అతికించిన పాత పేపర్లు. రాత్రి నిలబెట్టిన మెడ పొద్దున్నకి బల్ల మీద వాలిపోతోంది.

తీరా చదివితే, దాని మెడలో 72 వెన్నుపూసలు ఉన్నా హంసలా పైకెత్తలేదట! చేపలు తిని బతికిన జంతువట. 1868లో కోప్ అనే శాస్త్రవేత్త తలను తోక చివర పెట్టాడని తెలిశాక పాపకి ఇంకా టెన్షన్, తనూ తప్పు చేస్తానేమోనని.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించాను. కానీ అది నేల మీద తిరిగింది, దీనికేమో తెడ్డుల్లాంటి నాలుగు రెక్కలు.

మెడను పక్కకి, కిందికి ఎంత వంచితే నిజానికి దగ్గరగా ఉంటుంది? ఈదేటప్పుడు ముందు రెక్కలు, వెనక రెక్కలు ఎలా పెట్టాలి? మెడ వాలకుండా వైరుకి బదులు ఏం వాడొచ్చు? మహబూబ్‌నగర్, నల్గొండ వైపు సైన్స్ టీచర్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే సోమవారమే ఫెయిర్.