హెచ్‌ఓఏ ఉన్న ఇంట్లో దొండ పందిరి, కూర మళ్లు: మీ అనుభవాలు చెప్పండి

పెరటిదొండ (ఫ్రిస్కో, టెక్సాస్)
ఈ మధ్యే ఇల్లు కొన్నాం. వెనక ఫెన్స్ వెంట గోంగూర, తోటకూర మళ్లు, ఒక దొండ పందిరి వేద్దామని ఉంది. ముందు లాన్ కూడా కొంత తీసేసి, నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెట్టాలని మా ఆవిడ ఆలోచన. హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ చదివితే టెన్షన్ మొదలైంది. పందిరి 'స్ట్రక్చర్' కిందికి వస్తుందా? వెనక పెరడే కదా అని అడక్కుండా వేసేయొచ్చా?

ప్లేనో బాబాయ్
అడక్కుండా వేయకండి. మా వీధిలో ఒకాయన బీర పందిరి ఫెన్స్ మీదుగా రెండడుగులు పైకి లేచింది. కాయలు దిగే టైముకి నోటీసు వచ్చింది, పాదుతో సహా పీకించారు. చూసినవాళ్లకే ప్రాణం ఉసూరుమంది. మా దగ్గర ఫెన్స్ ఎత్తు దాటకపోతే, వీధిలోంచి కనపడకపోతే పెద్దగా పట్టించుకోరు. మీ రూల్స్‌లో ఎలా రాశారో చూసుకోండి.

హెచ్‌ఓఏ అనుమతి కోసం పెట్టే అప్లికేషన్‌కి ఆర్కిటెక్ట్ అక్కర్లేదు. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాపీ మీద పెన్నుతో గీసి, ఎత్తు, మెటీరియల్, మొక్కల పేర్లు రాసి, రెండు ఫొటోలు పెడితే చాలు. ఆ సర్వేలోనే యుటిలిటీ ఈజ్‌మెంట్ (గ్యాస్, కరెంటు లాంటి లైన్ల కోసం వదిలిన చోటు) ఎక్కడుందో కనిపిస్తుంది, చాలా ఇళ్లకి అది వెనక ఫెన్స్ పక్కనే. గుంజలు పాతే ముందు 811కి ఫోన్ చేయండి. ఫ్రీగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో మార్క్ చేసి వెళ్తారు.

ఎండమొక్క (ఆస్టిన్)
ముందు లాన్ సంగతి నేను చెప్తాను. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 202.007 ప్రకారం కరువుకి తట్టుకునే మొక్కలు, డ్రిప్, కంపోస్ట్, వాన నీటి పీపాలు మొత్తానికే వద్దనే హక్కు హెచ్‌ఓఏకి లేదు. మొక్కల ముక్క 2013లో చేర్చారు. కాకపోతే ప్లాన్ ఇమ్మని అడగొచ్చు, గులకరాళ్లు, బ్రహ్మజెముడు లాంటివాటికి హద్దులు పెట్టొచ్చు. నా మొదటి ప్లాన్ రాళ్లెక్కువని తిప్పి పంపారు. రాళ్లు తగ్గించి మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు లాంటిది) పెంచితే ఓకే అన్నారు. పీపా మాత్రం ఇంటి ముందు, వీధి వైపు పెట్టకండి, అక్కడ వద్దనే హక్కు వాళ్లకుంది.

ఆ సెక్షన్‌లో కూరగాయల ఊసు లేదు. మీ గోంగూరకి అది రక్షణ ఇవ్వదు.

ప్లేనో బాబాయ్
మొదటి మెయిల్‌లోనే సెక్షన్ నంబర్లు కొట్టకండి బాబూ. అప్లికేషన్లు చూసే కమిటీలో ఉండేది కూడా మన పక్కింటివాళ్లే.

ఎండమొక్క
నేను కొట్టాను, ఏమీ కాలేదు :) మర్యాదగా రాస్తే చాలు. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత 30 రోజుల్లో బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. బాగా చిన్న హెచ్‌ఓఏలకి ఇది వర్తించదు. నోటిమాట అప్రూవల్ మాత్రం నమ్మకండి, బోర్డు మారితే దానికి విలువుండదు.

బే ఏరియా అత్తయ్య
కాలిఫోర్నియాలో మాకు ఈ బాధ కొంత తక్కువ. సివిల్ కోడ్ 4750 వల్ల సొంత వెనక పెరట్లో కూరగాయలు వేసుకోవద్దనే హక్కు హెచ్‌ఓఏకి లేదు. మా ఆనప పాదు హాయిగా పాకుతోంది. కానీ కరివేపాకు మొక్క ఎవరైనా వేరే ఊరు నుంచి ఇస్తానంటే ఆగండి. నిమ్మజాతికి తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కాబట్టి చాలా చోట్ల మొక్కలు తరలించకుండా క్వారంటైన్ ఉంది.

పెరటిదొండ
అందరికీ థాంక్స్. ఇంకో డౌట్. గుమ్మం పక్కన తులసికోట కడితే? అమ్మ వచ్చేలోపు కావాలి.

ఎండమొక్క
టెక్సాస్‌లో మతపరమైన వస్తువులకి వేరే రక్షణ ఉంది, సెక్షన్ 202.018. 2021 నుంచి గుమ్మానికే కాక మొత్తం స్థలానికి వర్తిస్తుంది. సెట్‌బ్యాక్‌లో (స్థలం హద్దు దగ్గర ఖాళీగా వదలాల్సిన చోట), ఈజ్‌మెంట్‌లో పెడితే కాదనొచ్చు. సిమెంటుతో కట్టే బదులు కదిపేలా ఉన్న రెడీమేడ్ కోట తెచ్చుకోండి. ఎలాగూ చలికాలం తులసిని లోపల పెట్టాల్సిందే.

ప్లేనో బాబాయ్
అప్లికేషన్ జనవరిలోనే పడేయండి. వసంతంలో అందరూ ఒకేసారి పెడతారు, మీది కింద పడిపోతుంది. దొండ కొమ్మలు నా దగ్గరున్నాయి, మంచు భయం పోయాక వచ్చి తీసుకెళ్లండి.