అప్‌డేట్: నాన్నగారు పోయాక అమ్మ తిండి, నిద్ర మానేసిన విషయం

నాన్నగారు పోయి మూడు నెలలైనా అమ్మ సరిగ్గా తినడం లేదని, రాత్రంతా మేలుకునే ఉంటోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేశాను. తెలుగులోనే ఓపికగా మాట్లాడి, డాక్టరుకు చూపించమన్నారు. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. మందుతో నీరసం తగ్గింది. దిగులు మందుతో పోయేది కాదు కదా.

నిజంగా పనిచేసింది, "ఆవిడను కూర్చోబెట్టకండి, పని చేయనివ్వండి" అన్న సలహా. ప్రేమ కొద్దీ మేమే అమ్మను వంటింట్లోకి రానివ్వలేదు. మొన్నటి మాసికానికి గారెల పప్పు తనే రుబ్బింది. నాన్నగారి కబుర్లు చెబుతూ ఏడ్చింది, నవ్వింది, మాతో కూర్చుని తృప్తిగా తింది. ఏటిసూతకమని గుడికి వెళ్లలేకపోవడం కూడా ఆమెను లోలోపల బాధించిందట. ఇంట్లో దీపం పెట్టి నామం చెప్పుకోవచ్చని మా పురోహితుడు చెప్పారు. ఇప్పుడు రోజూ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పుకుంటోంది.

కొందరు అన్నట్టు ఇల్లు మారడం, నాన్నగారి ఫోటో తీసేయడం అవసరం పడలేదు. నాన్నగారి పడక్కుర్చీ వరండాలోనే ఉంది. అమ్మ రాత్రి పదింటికల్లా నిద్రపోతోంది.