పిల్లలందరూ హెల్మెట్ సెన్సారే తెస్తున్నారు, డిజైన్ థింకింగ్ ఎలా నేర్పాలి?

బడిగంట:
నల్గొండకు దగ్గరలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి చేత డిజైన్ థింకింగ్ పద్ధతిలో, అంటే వాడే మనిషి ఇబ్బందిని ముందు గమనించి పరిష్కారం వెతికే పద్ధతిలో, ప్రాజెక్టు చేయించమన్నారు. ఆలోచనలు రాసుకురమ్మంటే 42 మందిలో 11 మంది హెల్మెట్ లేకపోతే కదలని బండి, 8 మంది మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట, ఆరుగురు అంధుల కోసం మోగే చేతికర్ర తెచ్చారు. అన్నీ యూట్యూబ్ సరుకే. మా ఊళ్లో చూపు లేనివాళ్లు ఇద్దరున్నారు, ఈ ఆరుగురిలో ఒక్కరూ వాళ్లను పలకరించలేదు. అసలు సమస్యను వెతకడం ఎలా నేర్పాలి? 45 నిమిషాల పీరియడ్‌లో ఇది కుదిరే పనేనా? నమూనాలకు సామాను చవకగా ఎక్కడ దొరుకుతుంది?

పడుగుపేక:
మాస్టారూ, మా ఇంట్లో నలుగురం మగ్గం మీద బతికేవాళ్లం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఏం చేశారో చెప్పండి, చాలు. ఆరో తరగతితో చదువు ఆపిన మనిషి. తల్లి ఆసు పోస్తూ పడే బాధ చూశారు. ఎరగని వాళ్లకు చెబుతున్నాను, అర్ధచంద్రాకారంగా బిగించిన పుల్లల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు ఆడుతుంది. సాయంత్రానికి మా అమ్మ కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు, తల దువ్వమని నన్ను పిలిచేది. ఆయన 1992లో మొదలుపెడితే ఆసు యంత్రం 1999కి కుదిరింది. మీ పీరియడ్ ఎంతసేపన్నారు?

కొత్తదారి_కోచ్:
నాది మహబూబ్‌నగర్. పన్నెండేళ్లుగా కంపెనీలకు ఇదే విషయంలో శిక్షణ ఇస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. మెట్లు ఐదు: సానుభూతి, సమస్య నిర్వచనం, ఆలోచనల సేకరణ, నమూనా, పరీక్ష. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిజైన్ నేర్పే డి-స్కూల్ వరుస ఇది. 1969లోనే అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ డిజైన్‌ను ఒక శాస్త్రంగా చర్చకు పెట్టాడు. మల్లేశం గారి మీద గౌరవం ఉంది, కానీ అది పట్టుదల, పద్ధతి కాదు. పద్ధతి తెలిసి ఉంటే ఏడేళ్లు పట్టేది కాదు.

పడుగుపేక:
ఏడేళ్లు పట్టింది చేతిలో డబ్బు లేక. హైదరాబాద్ వెళ్లి పనిచేసి, వచ్చిన కూలితో భాగాలు చేయించుకున్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మీ ఐదు మెట్లలో అప్పు తీర్చే మెట్టు ఏది?

పలకాబలపం:
‘సానుభూతి’ అంటే జాలి. మీరు చెప్పదలచుకున్నది ఎదుటివాడి చోట నిలబడి చూడటం. దానికి ‘సహానుభూతి’ అనాలి.

కొత్తదారి_కోచ్:
నిఘంటువు తీసి చూడండి, రెండూ ఒకటే.

పలకాబలపం:
నిఘంటువులో ఒకటే. వాడుకలో కాదు.

పటిక_సున్నం:
31 ఏళ్లు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఇక్కడ స్టాన్‌ఫర్డ్ పేరు వచ్చింది గానీ సొంత జిల్లా పేరు ఎవరికీ గుర్తు రాలేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ తొలగించే ‘నల్గొండ టెక్నిక్’ పేరు ప్రపంచంలో నీటి రసాయనం చదివిన ప్రతివాడికీ తెలుసు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి కలిపితే గడ్డలు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. కరెంటు అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. సమస్యకు సృజనాత్మక పరిష్కారం అంటే ఇది. పిల్లలకు ఇదే చెప్పండి.

మర్రిగూడెం_కోడలు:
సార్, ఆ బకెట్లో పటిక కలిపిన చెయ్యి నాది. పెళ్లయి వచ్చిన కొత్తలో మా ఇంట్లో పెట్టారు, 40 లీటర్లది, ఒకదాని మీద ఒకటి రెండు బకెట్లు. పది నిమిషాలు కలపాలి, గంటసేపు కదిలించకూడదు. కలుపుతుంటే బిడ్డ ఏడుస్తుంది, పొయ్యి మీద అన్నం మాడుతుంది. కొలత తప్పితే టీ వగరు, మా మామగారు గ్లాసు పక్కన పెట్టేసి బోరింగు నీళ్లే తాగేవారు. అడుగున చేరిన తెల్లటి బురద ఎక్కడ పారబోయాలో ఎవరూ చెప్పలేదు, పెరట్లో జామచెట్టు మొదట్లో పోశాం. మూడు నెలలకు ఆ బకెట్లో వడ్లు పోసుకున్నాం.

పటిక_సున్నం:
అమ్మా, వగరు వచ్చిందంటే మోతాదు తప్పిందని అర్థం. నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను కొలిచి పటిక మోతాదు నిర్ణయిస్తారు. దానికి పట్టిక ఉంది. పట్టిక చూడకుండా వేసి పద్ధతిని తప్పుపడితే ఎలా?

మర్రిగూడెం_కోడలు:
మా బోరు నీళ్లు ఎండాకాలం ఒకలా, వానలు పడ్డాక ఇంకోలా ఉండేవి. ప్రతిసారీ కొలవడానికి మా ఇంట్లో ప్రయోగశాల లేదు. పట్టిక మీ గోడ మీద ఉంది, బకెట్ మా వంటింట్లో ఉంది. అదే నేను చెప్పేది.

పటిక_సున్నం:
లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు ఏమవుతాయో మీ ఊళ్లోనే చూసి ఉంటారు. పది నిమిషాల ఓపిక లేకపోవడాన్ని డిజైన్ లోపం అంటారా?

మర్రిగూడెం_కోడలు:
మా అత్తగారు నడుము వంగి పదహారేళ్లుగా నేల చూస్తూ నడుస్తున్నారు. ఓపిక గురించి నాకు చెప్పకండి.

కొత్తదారి_కోచ్:
ఈ విషయంలో కోడలు గారితో ఏకీభవిస్తాను. 2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు చవకైన ఇంక్యుబేటర్ చేయమని పని ఇచ్చారు. నేపాల్ వెళ్లి చూస్తే పట్నం ఆసుపత్రుల్లో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి, నెలలు నిండని పిల్లలు పుట్టేది దూరపు పల్లెల్లో. దాంతో కరెంటుతో నిరంతరం పనిలేకుండా బిడ్డను వెచ్చగా ఉంచే చిన్న పడకసంచి చేశారు. దాని పేరు ఎంబ్రేస్. చవక చేయడం కాదు, తల్లి చేతికి అందించడం అసలు సమస్య.

మర్రిగూడెం_కోడలు:
సంతోషం. ఇది తెలుసుకోవడానికి నేపాల్ దాకా వెళ్లారన్నమాట.

ఊడలమర్రి:
మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి గుర్తుందా? 2018లో చెదలు పట్టిన ఆ మహావృక్షానికి సెలైన్ ఎక్కించారు. మొదట రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఇచ్చారు. నేను స్వయంగా చూశాను, కొమ్మ కొమ్మకూ సీసా, అచ్చం వార్డులా. చెట్టును రోగిగా చూసిన మనిషికి దండం పెట్టాలి. అదేం థింకింగ్ అంటారో కోచ్ గారు చెప్పాలి.

బత్తాయితోట:
మా తోటలో వేరుకుళ్లుకు కూడా సెలైన్ పనిచేస్తుందా? 60 చెట్లు ఎండుముఖం పట్టాయి.

ఊడలమర్రి:
అది చెదలకు ఇచ్చిన మందు అన్నా, వేరుకుళ్లుకు కాదు. మొదట నీళ్లు నిలవకుండా చూడండి.

నిర్వాహకుడు:
బత్తాయికి వ్యవసాయ విభాగం ఉంది. నీటి పంచాయితీ చాలు. మాస్టారి మూడు ప్రశ్నల్లో రెండింటిని ఎవరూ ముట్టుకోలేదు.

పటిక_సున్నం:
పంచాయితీ కాదు, శాస్త్రం మాట్లాడుతున్నాను.

బడిగంట:
కోడలు గారి బకెట్ కథ నిన్న తరగతిలో చదివి వినిపించాను. తర్వాత ఒక్కటే పని ఇచ్చాను: ఇంట్లో ఒక మనిషిని సాయంత్రం గంటసేపు చూడండి, ఏమీ సలహా ఇవ్వకండి.

ఒక అబ్బాయి వాళ్ల నానమ్మను చూశాడు. ఆమెకు చదువు రాదు, మాత్రలు తారుమారవుతాయేమోనని ముందే పొట్లాల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి పెట్టుకున్నాడు. ఆమె నవ్విందట. “రంగు చూస్తే తెలియదా నాకు?” అందట. ఆమె అసలు అవస్థ వేరు. వేళ్లు బిగుసుకుపోయి మాత్రల రేకు చించడం ఆమె వల్ల కాదు, పంటితో కొరుకుతుంది, మాత్ర ఎగిరి మంచం కింద పడుతుంది. మనవడు ట్యూషన్‌కు వెళ్లిన రోజు మాత్ర మానేస్తుంది. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు.

చెక్కపేడుకు రంధ్రం చేసి, రేకును దాని మీద బోర్లించి, పైనుంచి గుండ్రటి కొయ్య మేకును అరచేత్తో నొక్కేలా చేశాడు. మాత్ర కింది గిన్నెలో పడుతుంది. వేళ్లతో పనిలేదు. ఖర్చు సున్నా, వడ్రంగి దగ్గర పారేసిన ముక్కలు. మూడో ప్రశ్నకు జవాబు అలా దొరికింది. పీరియడ్ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మందులకొట్టు:
ఫార్మసిస్టును. దయచేసి ఒకేసారి వారానికి సరిపడా నొక్కి డబ్బాలో పోయనివ్వకండి. కొన్ని మాత్రలు గాలి, తేమ తగిలితే పాడవుతాయి. వేసుకునే ముందే నొక్కాలి.

కొత్తదారి_కోచ్:
అద్భుతం. దీన్ని నా తర్వాతి శిక్షణలో ఉదాహరణగా వాడుకోవచ్చా?

పడుగుపేక:
అబ్బాయిని అడగండి, మాస్టారిని కాదు.

మర్రిగూడెం_కోడలు:
మాస్టారూ, రంధ్రం ఎంత వెడల్పు? మా అత్తగారికి చేయిస్తాను.

బడిగంట:
మాత్ర కంటే కొంచెం పెద్దగా ఉండాలి అక్కా. మొదటి దాంట్లో క్యాల్షియం బిళ్ల ఇరుక్కుపోయిందట, ఇప్పుడు పక్కనే రెండోది తొలుస్తున్నాడు. ఆదివారం ఫొటో పెడతాను.