చిత్రిక పడితే రాలేది బొమ్మా, పొట్టా?

నల్లగొండ నుంచి, ప్రశ్న:
"పాలమూరు వలస బతుకులను కళ్లకు కట్టినట్టు చిత్రిక పట్టిన కథలు." పుస్తక సమీక్షల్లో ఈ తరహా వాక్యం తరచూ ఎదురవుతోంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది 'చిత్రించిన' అనే మాట. చిత్రిక మాత్రం వడ్రంగి పనిముట్టు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ అదే అర్థం. బొమ్మ గీసేవాడు లేనిదాన్ని తెచ్చి పెడతాడు, చిత్రిక పట్టేవాడు ఉన్నదాన్ని పొరలు పొరలుగా లేపి అవతల పారేస్తాడు. రెండూ ఎదురెదురు పనులు. 'చిత్ర' అన్న అక్షరాలు చూసి పొరబడుతున్నామా? ఇంకో సంగతి. మన దిక్కు వడ్లోళ్ల నోట చిత్రిక కంటే రందానే ఎక్కువ. ఆ మాట ఎక్కడిది?

దేవరకొండ నుంచి:
రందా ఫారసీ మాట అన్నా. 'రందీదన్' అంటే గీకుడు, చెక్కుడు. దానికెళ్లి రందా. ఇరాన్‌ల క్యారెట్ తురుముకునే పీటకు గూడ ఇప్పటికీ అదే పేరు. మనకు ఉర్దూల నుంచి దిగింది. గుణ్యా అయితే ఇంకా దూరపు చుట్టం. మూలమట్టాన్ని గుణ్యా అంటం గద, అది గ్రీకుల 'గోనియా', అంటే మూల. ఫారసీల గూనియా అయి, ఉర్దూల గునియా అయి మన మేస్త్రీల చేతికొచ్చింది. నిజాం కచేరీ మాటలొక్కటే కాదు, పనిముట్ల సంచిల మాటలు గూడ అట్లనే వచ్చినయ్. ఉలి మాత్రం ఎటూ పోలే. తమిళంల, కన్నడంల గూడ 'ఉళి'నే.

మిర్యాలగూడ నుంచి:
మరి "రంది పడకు" అంటం గద, ఆ రంది, ఈ రందా ఒక్కటేనా? అది గూడ మనిషిని లోపల లోపల గీకేదే!

దేవరకొండ నుంచి:
పోలిక మస్తుగున్నది గని చుట్టరికం లేదక్కా. రంది తెలుగు మాట, దిగులు. రందా ఫారసీ.

అచ్చంపేట నుంచి:
మాట కంటే ముందు పని చూద్దాం. తెలుగులో ఒక్కో పనిముట్టుకు ఒక్కో క్రియ ఉంది. గొడ్డలితో నరుకుతాం, రంపంతో కోస్తాం, బాడిసతో, ఉలితో చెక్కుతాం, బర్మాతో తొలుస్తాం. చెక్కితే వచ్చింది గనకే అది 'చెక్క'. చిత్రికకు మాత్రం 'పట్టు' అనే క్రియ, సాన పట్టడంలో ఉన్నట్టే. సాన పట్టినా చిత్రిక పట్టినా వస్తువు అరుగుతుంది, పెరగదు. అర్థం అక్కడే తేలిపోయింది.

పనిముట్ల వరసలో చిత్రిక ఆలస్యంగా వచ్చింది. పాత ఈజిప్టు వడ్రంగులకు ఇది లేదు. బాడిసతో చెక్కి, ఇసుకరాయితో రుద్ది నున్న చేసేవాళ్లు. రోమన్ల కాలానికి ఉంది. క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపేయిలో దొరికింది. దాని కిటుకు ఒక్కటే: ఉలిని దిమ్మెలో బిగించి, ఎంత లోతు దిగాలో చేతికి కాకుండా దిమ్మెకు అప్పజెప్పడం. పక్క భాషలు ఆ సంగతిని పేరులోనే దాచుకున్నాయి. తమిళంలో 'ఇళైప్పుళి', కన్నడంలో 'కీసుళి'. రెండింట్లోనూ చివర ఉన్నది ఉళే.

కొయ్య రందా కట్టుబడి ఇదీ. దిమ్మె తుమ్మలాంటి గట్టి చెక్కది. బ్లేడు 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది, దాని మీద చెక్కచీల బిగిస్తారు. బ్లేడు వాలును 25 డిగ్రీలకు అరగదీసి, మొనను మాత్రం రాయి మీద 30 డిగ్రీలకు లేపుతారు. మొన బెత్తెడు పొడవున సరిగ్గా తిన్నగా ఉంటే రెండు మూలలూ చెక్కలో దిగి గీతలు పెడతాయి. అందుకే మూలలను వెంట్రుకవాసి గుండ్రం చేస్తారు.

ఇక దింపడం. రందాను తిరగేసి ముందు కొస నుంచి ఒక కన్నుతో చూస్తే, అడుగున మొన సన్నని నల్లగీతలా రెండు వైపులా సమంగా కనపడాలి. ఒక పక్కే కనపడితే బ్లేడు తలను పక్కనుంచి తట్టాలి. ఇంకా దిగాలంటే తల మీద, పైకి రావాలంటే దిమ్మె వెనక కొస మీద సుత్తితో మెల్లగా తట్టాలి. తట్టిన ప్రతిసారీ చీల సడలుతుంది గనక మళ్లీ బిగించాలి. కొత్తవాళ్లు చెడగొట్టేది ఇక్కడే. చీల మరీ బిగిస్తే దిమ్మె చెంపలు పగులుతాయి, అడుగు ఉబ్బుతుంది. వదులైతే బ్లేడు దడదడలాడి చెక్క మీద అలలు పడతాయి.

ఎదురు నార బెడద వేరు. నార వాలుకు ఎదురుగా తోస్తే బ్లేడు కోయకముందే పొర చీలి, మొన కన్నా ముందు పరుగెత్తి, గుంత చేసి విరుగుతుంది. ముడి చుట్టూ నార తిరుగుతుంది గనక ఒకే చెక్కలో రెండు దిక్కులా తోయాల్సి వస్తుంది. దీనికి మందుగా 18వ శతాబ్దంలో ఇంగ్లండులో బ్లేడు మీద రెండో పట్టీ వాడుక బలపడింది. అది మొనకు మిల్లీమీటరు వెనక కూర్చుని, లేచిన పొరను వెంటనే వంచి విరుస్తుంది, చీలిక ముందుకు పారదు. పట్టీకీ బ్లేడుకూ మధ్య వెంట్రుక దూరేంత సందున్నా పొర అందులో ఇరికి రందా నోరు, అంటే పొర పైకి లేచి వచ్చే సందు, మూసుకుపోతుంది. అప్పుడు ఎంత తోసినా రందా జారుతుంది తప్ప చెక్క తెగదు.

పొడవు సంగతి కూడా చెప్పాలి. 8, 9 అంగుళాల రందా చివరి నునుపుకు. 14 అంగుళాలది మొదటి మోటు పనికి. తలుపు పలకల అంచులు జోడించడానికి 22 అంగుళాలది. పొట్టిది చెక్క గుంతల్లో దిగి అక్కడా తీస్తుంది. పొడుగుది గుంతల మీద వంతెనలా నిలిచి, మిట్టలనే తాకుతుంది. అందుకే పొడుగు రందా నుంచి మొదట తునకలే వస్తాయి. ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా ఒకటే పొర వచ్చిందంటే అంచు సాపు అయినట్టు.

సూర్యాపేట నుంచి:
అచ్చంపేట సార్ చెప్పినదంతా బాగుంది. కానీ భాషలో అర్థాలు కదులుతాయి కదా. కంపు ఒకప్పుడు ఏ వాసనైనా, మంచి వాసనైనా. ఇప్పుడు చెడ్డదే. చీర అంటే ఏ బట్టైనా, ఇప్పుడు ఆడవాళ్లు కట్టేదే. 'చిత్రిక పట్టడం' కూడా అలా 'చిత్రించడం' అయిందనుకుంటే ఏం పోయింది? చదివేవాళ్లకు అర్థమవుతూనే ఉంది.

నల్లగొండ నుంచి:
కంపు, చీర మాటల్లో అర్థం మెల్లగా జరిగింది, వాటిని రోజూ వాడేవాళ్ల నోళ్లలోనే జరిగింది. ఇది జరగడం కాదు, ఒక మాటను చూసి ఇంకో మాట అనుకోవడం. చిన్న పరీక్ష ఉంది. చిత్రిక స్థానంలో రందా పెట్టి చదవండి: "పాలమూరు వలస బతుకులకు రందా కొట్టిన కథలు." నవ్వొస్తుందా లేదా? ఆ బతుకులకు రందా కొట్టడానికి ఇంకేం మిగిలి ఉంది? అదే "ఈ కథను నాలుగుసార్లు చిత్రిక పట్టి పంపాడు" అంటే రందా పెట్టినా వాక్యం నిలుస్తుంది. అనవసరపు మాటలు తీసేశాడన్నమాట. నా మటుకు ఆ వాడుక బంగారం లాంటిది, మొదటిది పొరపాటు.

సూర్యాపేట నుంచి:
రందా పరీక్షకు ఒప్పుకున్నాను సార్, నవ్వొచ్చింది. అయినా ఆ వాడుక పత్రికల్లోంచి పోతుందని మాత్రం అనుకోను.

మిర్యాలగూడ నుంచి:
ఇప్పుడంతా కరెంటు రందాలే గద. ఇంక చేతి రందా ఎవలు పడుతున్నరు?

అచ్చంపేట నుంచి:
మోటు పని కరెంటుదే చేస్తుంది. మామూలుగా దొరికేది 82 మిల్లీమీటర్ల వెడల్పుది. కానీ అందులో బ్లేడు తోసుకుపోదు, రోలరు మీద గిర్రున తిరుగుతూ చెక్కను కొడుతుంది. కొట్టిన ప్రతిచోటా చిన్న దొప్పలాంటి గుర్తు పడుతుంది. చెక్కను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే ఆ అలలు వరసగా కనపడతాయి, పాలిష్ వేస్తే ఇంకా తేలుతాయి. వాటిని తీయడానికి పైన రెండు చుట్లు చేతి రందా పట్టాల్సిందే. ఇప్పుడు చాలామంది చేతిలో ఉన్నది ఇనుప రందా. చీల, సుత్తి బదులు మరతో బ్లేడు దించే ఆ పద్ధతి అమెరికాలో లియొనార్డ్ బెయిలీది, 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన హక్కులు కొనుక్కుంది. ఇనుప రందాకైనా ఎదురు నార ఎదురు నారే.

దేవరకొండ నుంచి:
కరెంటు రందా మాట మీద ఒకటి యాదికొచ్చింది. దాన్ని 'పట్టుడు' అనరు, 'కొట్టుడు' అంటరు. "తలుపుకు రందా కొట్టిచ్చిన" అంటరు గని "పట్టిచ్చిన" అనేటోళ్లు తక్కువ. అచ్చంపేట సార్ చెప్పినట్టు బ్లేడు నిజంగనే కొడుతున్నది గద!