ఊబకాయానికి వికలాంగ పింఛను ఇవ్వాలా? మా అక్క విషయంలో సలహా చెప్పండి

గోపాలపట్నం_తమ్ముడు
అందరికీ నమస్తే. మా అక్కకి 44 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 131 కేజీలు. రెండో కాన్పు నుంచి పెరుగుతూనే ఉంది. థైరాయిడ్ ఉంది, షుగర్ ఉంది, నిద్రలో ఊపిరి ఆగుతోందని మిషన్ పెట్టుకోమన్నారు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఎముకల డాక్టరేమో ముందు 30 కేజీలు తగ్గితేనే ఆపరేషన్ అంటాడు. తగ్గాలంటే నడవమంటారు. నడవడానికి మోకాళ్లు లేవు. టైలరింగ్ చేసేది, మిషన్ తొక్కలేక రెండేళ్ల క్రితం మానేసింది. ఆసుపత్రికి షేర్ ఆటోలో తీసుకెళ్తే ఇద్దరి డబ్బులు అడుగుతున్నారు.

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి తీసుకెళ్తే 30 శాతం రాశారు. "లావు అనేది లిస్టులో లేదు బాబూ" అన్నారు. 40 లేకపోతే పింఛను రాదు. అడిగేది మూడు సంగతులు. ఒకటి, ఊబకాయాన్ని వైకల్యంగా చూడాలంటారా, వద్దంటారా? రెండు, మళ్లీ పరీక్షకి పెట్టుకోవచ్చా? మూడు, ఆవిడ బరువు ఆగే వీల్‌చైర్ వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుంది?

బీచ్‌రోడ్_వాకర్
తప్పుగా అనుకోకండి బ్రదర్, మొహం మీద చెప్తాను. నేను 96 కేజీల నుంచి 74కి వచ్చాను. మందు లేదు, డాక్టర్ లేడు. పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కదా, కోస్టల్ బ్యాటరీ నుంచి నడుస్తూనే ఉంటాను. రాత్రి అన్నం మానేశాను. అంతే. లావుకి కూడా పింఛను ఇస్తే రేపు బట్టతలకీ అడుగుతారు. మన ట్యాక్సులండీ అవి.

మూడుచక్రాల_మూర్తి
నాకు పోలియో. రెండేళ్ల వయసులో వచ్చింది. 2025లో వెరిఫికేషన్ అని మళ్లీ పిలిచి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లేవని కాలు "ఇంకోసారి చూపించండి" అన్నారు. క్యూలో పొద్దున్న 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా కూర్చున్నాను, కూర్చోడానికి నా బండే ఉంది కాబట్టి సరిపోయింది. మా వీధిలో ఒకాయనకి నోటీసు వచ్చింది, పింఛను ఆగిపోతుందని నెల రోజులు నిద్ర లేదు. 3000 ఉన్నది 2024లో 6000 అయింది, అప్పటి నుంచి అందరి కళ్లూ దాని మీదే. ఇప్పుడు లావుగా ఉన్నవాళ్లు కూడా ఇందులోకి వస్తే, ఉన్నవాళ్ల శాతాలు ఇంకా కోస్తారు. మీ అక్కగారి మీద నాకు కోపం లేదు తమ్ముడూ. కానీ మా కుండలో చెయ్యి పెట్టకండి.

సింథియా_సుబ్బులు
వాకర్ గారూ, మీరు 96 నుంచి తగ్గారు. ఆవిడ 131. మీకు మోకాళ్లున్నాయి. రెండిటికీ పోలికేంటండీ?

షేర్ ఆటో మాట వచ్చింది కాబట్టి నాదీ చెప్తాను. నేను 102 కేజీలు. సింథియా నుంచి గాజువాక వెళ్లడానికి ఒకతను "అమ్మా, రెండు సీట్లు కట్టాలి" అన్నాడు. సిగ్గుతో నోరు మూసుకుని కట్టాను. మల్కాపురం దగ్గర ఆపి నా పక్కన ఇంకొకాయన్ని కుక్కాడు! రెండో సీటు డబ్బులు కట్టింది నేను, మనిషేమో నా ఒళ్లో. నిన్నటికి నిన్న జరిగినట్టుంది, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటో_అప్పన్న
నేను ఎన్ఏడీ స్టాండు. పదకొండేళ్ల నుంచి తోలుతున్నాను. రెండు డబ్బులు తీసుకుని మళ్లీ మనిషిని ఎక్కించడం తప్పే, అలగ చేసినోడిది తప్పు. కానీ ఒక మాట వినండి. వెనకాల సీటు ముగ్గురికి. ఒకరు కూర్చుంటే రెండోవారు సగం, మూడోవారు బయటికి వేలాడుతున్నారు. ఫైనాన్స్ వాయిదా ఎవరు కడతారు? ఏటండీ, మేమేం ధర్మసత్రం పెట్టామా?

మర్రిపాలెం_మావయ్య
అప్పన్నా, మీ ముందు సీటులో నీ రెండు పక్కలా ఇద్దరిని కూర్చోబెట్టుకుని, హ్యాండిల్ తిప్పడానికి మోచెయ్యి కూడా ఆడకుండా తోలుతావే, అప్పుడు సీట్ల లెక్క గుర్తుకి రాదా? నీ బండికి పర్మిట్ ఎంతమందికి?

ఆటో_అప్పన్న
మావయ్య గారూ, పర్మిట్ ప్రకారం తోలితే మీరు ఎన్ఏడీ నుంచి కంచరపాలెం 20 రూపాయలకి వెళ్లలేరు.

రిటైర్డ్_సూపరింటెండెంట్_ఎంవీపీ
ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉంది, 34 ఏళ్లు ప్రభుత్వ సర్వీసు, అందులో చాలా భాగం రూల్సు చదవడమే నా పని. ఒక మనిషికి ఒకే టికెట్ అనే సూత్రం కెనడాలో వచ్చింది. 2008లో అక్కడి రవాణా ఏజెన్సీ, దేశంలో తిరిగే విమానాల్లో ఊబకాయం వల్ల పని చేయలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర రెండో సీటు డబ్బులు వసూలు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, అప్పీలు వినడానికే కోర్టు ఒప్పుకోలేదు.

ఆటో_అప్పన్న
అక్కడిది విమానం సారూ. నాది డీజిల్ బండి.

మర్రిపాలెం_మావయ్య
విమానంలో ముందు సీటులో పైలట్ పక్కన నలుగురిని కుక్కరు కదా.

రిటైర్డ్_సూపరింటెండెంట్_ఎంవీపీ
నన్ను పూర్తి చేయనివ్వండి. మన దేశంలో ఉన్నది 2016 వికలాంగుల హక్కుల చట్టం. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. సికిల్ సెల్, తలసీమియా, హిమోఫీలియా, పార్కిన్సన్స్ అన్నీ చేరాయి. ఊబకాయం లేదు. 40 శాతం, ఆపైన ఉంటేనే ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 75,000 మినహాయింపు వగైరా. లిస్టులో లేనిదాన్ని క్యాంపు డాక్టరు తన చేత్తో రాయలేడు, ఆయన్ని తిట్టి లాభం లేదు.

అడవివరం_అమ్మాయి
అంకుల్, ఒక డౌటు. అదే లిస్టులో మరుగుజ్జుతనం ఉంది కదా. ఎత్తు 147 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే లెక్కలోకి వస్తారు. టేపు పెట్టి ఎత్తు కొలిచి వైకల్యం అనగలిగినప్పుడు, కాటా మీద బరువు చూసి ఎందుకు అనకూడదు?

బీచ్‌రోడ్_వాకర్
ఎత్తు తిని పెంచుకున్నది కాదు కాబట్టి. బరువు మన చేతిలో పని.

అడవివరం_అమ్మాయి
తాగి బండి నడిపి కాలు పోగొట్టుకున్నవాడికి సర్టిఫికెట్ ఇస్తారా, ఇవ్వరా? ఇస్తారు. ఎలా పోయిందని ఎవరూ అడగరు, పోయిందా లేదా అనే చూస్తారు. లావు దగ్గరికి వచ్చేసరికే అందరూ జడ్జీలు అయిపోతారు.

మూడుచక్రాల_మూర్తి
ఈ మాట మాత్రం నిజం. మా క్యూలో అలాంటివాళ్లు ఇద్దరున్నారు.

పెందుర్తి_ఫిజియో
పద్దెనిమిదేళ్లుగా మోకాళ్లతోనే నా బతుకు, కాబట్టి ఇక్కడ కొన్ని మాటలు చెప్పకపోతే నిద్ర పట్టదు.

సదరం పరీక్షలో బరువు చూడరు, నొప్పిని కూడా పెద్దగా చూడరు. కీలు ఎంతవరకు వంగుతోంది, కండరంలో బలం ఎంత, నిలబడి నడిచి మెట్లెక్కి కింద కూర్చుని లేవగలరా, ఇవి చూస్తారు. మీ అక్కగారు ఆ రోజు ఎలా వెళ్లారు? చాలామంది మంచి చీర కట్టుకుని, రెండు నొప్పి మాత్రలు వేసుకుని, పరువు కోసం పళ్లు బిగించి నడిచి చూపిస్తారు. తర్వాత 30 శాతం వచ్చిందని ఏడుస్తారు. మళ్లీ వెళ్లేటప్పుడు ఎక్స్‌రేలు, నిలబడి తీయించినవి, పట్టుకెళ్లండి. నాటకం ఆడమని కాదు, రోజూ ఇంట్లో ఎలా ఉంటారో అలా వెళ్లమంటున్నాను. ఆపరేషన్‌తో బాగయ్యే అవకాశం ఉంటే శాశ్వతం కాకుండా తాత్కాలిక సర్టిఫికెట్ రాస్తారు, దానికి గడువు ఉంటుంది.

ఇక కాటా సంగతి. 110 కేజీలుండి పరిగెత్తేవాళ్లను చూశాను, 90 ఉండి మంచం దిగలేనివాళ్లనూ చూశాను. 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ల కమిషన్ కూడా ఇదే చెప్పింది: బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ వేసే లెక్క, ఒక్కటే చాలదు, కొవ్వు వల్ల అవయవాలు, రోజువారీ పనులు దెబ్బతింటేనే జబ్బుగా లెక్కించండి, లేకపోతే అది జబ్బుకి ముందు దశ అని. నా ఓటు దానికే. బరువుకి శాతం ఇవ్వొద్దు. బరువు వల్ల పోయినదానికి ఇవ్వండి. ఇప్పుడున్న పద్ధతిలో మోకాలికి 30 రాస్తారు, ఊపిరికి సున్నా, గుండెకి సున్నా. అన్నీ ఒకే ఒంట్లో ఉన్నా కలపరు. అక్కడుంది అన్యాయం.

రిటైర్డ్_సూపరింటెండెంట్_ఎంవీపీ
ఫిజియో గారు చెప్పినదే 2014 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది. డెన్మార్క్‌లో పిల్లల్ని చూసుకునే ఒక మునిసిపల్ ఉద్యోగి, సుమారు 160 కేజీలు, ఉద్యోగం తీసేశారు. ఊబకాయం దానంతట అది వైకల్యం కాదు, కానీ దీర్ఘకాలం మనిషిని ఇతరులతో సమానంగా పని చేయనివ్వకపోతే వైకల్యమే అవుతుందని తీర్పు. అమెరికాలో అయితే ఒకప్పుడు పని చేయలేనివాళ్లకి డబ్బులిచ్చే సోషల్ సెక్యూరిటీ లిస్టులోనే ఊబకాయం ఉండేది. 1999లో తీసేశారు. ఇప్పుడు మిగతా జబ్బులతో కలిపి చూస్తారు. అంటే ఒకసారి ఇచ్చి వెనక్కి తీసుకున్నారు, గమనించండి.

మురీమిక్చర్_ఫ్యాన్
ఇంత టెన్షన్ ఎందుకండీ, బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చేశాయి కదా. మౌంజారో మన దగ్గర 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. మా బాస్ ఐదు నెలల్లో 14 కేజీలు తగ్గాడు. ఇప్పుడు బీచ్‌కి వచ్చినా మురీ మిక్చర్ వైపు కూడా చూడడు, అదొక్కటే బాధ.

సింథియా_సుబ్బులు
మీ బాస్ జీతం ఎంత బాబూ? మౌంజారో వచ్చిన కొత్తలో చిన్న డోసు వయల్ ఒక్కటే 3500. వారానికి ఒకటి. నెలకి 14,000. ఆవిడ 6000 పింఛను కోసం తిరుగుతుంటే నువ్వు 14,000 మందు చెప్తున్నావు.

మురీమిక్చర్_ఫ్యాన్
ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అక్కా.

సింథియా_సుబ్బులు
ఇన్సూరెన్స్ గురించి నన్ను అడుగు. బరువు తగ్గడానికి చేసే పొట్ట ఆపరేషన్‌కి బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు గుండె జబ్బో, కంట్రోల్ కాని షుగరో, తీవ్రమైన నిద్ర జబ్బో ఉండాలి. నాది 38 వచ్చింది, షుగర్ మాత్రలతో కంట్రోల్‌లో ఉంది. "కంట్రోల్‌లో ఉంది కాబట్టి కుదరదు" అన్నారు. మాత్రలు మానేసి రమ్మంటారా అని అడిగి ఫోన్ పెట్టేశాను. తమ్ముడూ, మీ అక్కకి లెక్క వేస్తే 54 పైనే వస్తుంది, పాలసీ ఏదైనా ఉంటే చూడు.

బీచ్‌రోడ్_వాకర్
పాలసీలు, పింఛన్లు, ఇంజెక్షన్లు. నోరు కట్టుకోవడం మాత్రం ఎవరూ చెప్పరు. ఏనుగులు కూడా

అడ్మిన్
వాకర్ గారి పోస్టులో మిగతా భాగం తీసేశాం. ఇంకోసారి అలాంటి మాట వాడితే వారం రోజులు పోస్టు చేయలేరు.

సింథియా_సుబ్బులు
నేను స్క్రీన్‌షాట్ తీశాను. మా ఇంట్లో అన్నం కొలిచి తింటాను. మీరు బీచ్ రోడ్డు నడిచాక దిగువన టిఫిన్ సెంటర్లో నెయ్యి దోసె తినే ఫోటోలు మీరే ఇదే గ్రూపులో పెట్టారు, కావాలంటే తీసి చూపిస్తాను.

బీచ్‌రోడ్_వాకర్
అది ఆదివారం మాత్రమే. నేను సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా చేసిన మనిషిని.

మర్రిపాలెం_మావయ్య
అందరం చేశాం బాబూ. దారి పొడవునా పులిహోర, మజ్జిగ. నేను ఇంటికి వచ్చి కాటా ఎక్కితే కేజీ పెరిగాను.

మూడుచక్రాల_మూర్తి
ఇంకో మాట. పైన అందరూ వికలాంగులు, వైకల్యం అని రాస్తున్నారు. ప్రభుత్వం వాళ్లు విభిన్న ప్రతిభావంతులు అంటారు, ఢిల్లీ వాళ్లు దివ్యాంగులు అంటారు. ఏదైనా అనండి, బ్యాంకు ముందు ర్యాంపు కట్టండి చాలు. మా బ్యాంకు ఏటీఎంకి నాలుగు మెట్లు.

అడవివరం_అమ్మాయి
మూర్తి గారూ, ఆ ర్యాంపు ఉంటే ఈ తమ్ముడి అక్కకి కూడా పనికొస్తుంది. మీరిద్దరూ కుండ కోసం కొట్టుకోవడం దేనికి?

మూడుచక్రాల_మూర్తి
ర్యాంపు ఇద్దరికీ సరిపోతుందమ్మా. పింఛను డబ్బులు సరిపోవు. నెల ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్లు పింఛను పట్టుకుని తలుపు కొట్టకపోతే ఏమవుతుందో నీకు తెలీదు.

గోపాలపట్నం_తమ్ముడు
అందరికీ థ్యాంక్స్. ఫిజియో గారూ, మీరన్నదే జరిగింది. ఆ రోజు పట్టుచీర కట్టుకుంది, డోలో వేసుకుంది, "చుట్టాల ముందు కుంటితే నవ్వుతారు" అని నా చెయ్యి కూడా పట్టుకోలేదు. ఎక్స్‌రే పడుకోబెట్టి తీసినదే ఉంది. మళ్లీ పెట్టిస్తాను. పాలసీ ఏమీ లేదు. వీల్‌చైర్ గురించి ఎవరూ చెప్పలేదు.

కేజీహెచ్‌డౌన్_కుర్రోడు
నేను సర్జికల్ షాపులో పని చేశాను, చెప్తాను. మామూలు వీల్‌చైర్ 100 కేజీల దాకానే. 131కి అది వద్దు, ముందు చక్రాల దగ్గర వంగిపోతుంది. హెవీ డ్యూటీ అని అడగండి, 150 పైన రాసి ఉన్నదే తీసుకోండి. కేజీహెచ్ పెద్దాసుపత్రి డౌన్‌లో వరసగా షాపులున్నాయి, స్టాకు లేకపోతే తెప్పిస్తారు. కొనేముందు అక్కగారు కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు కొలవండి. తర్వాత ఇంట్లో తలుపులు కొలవండి. ఇది మర్చిపోయి ఎంతమంది వెనక్కి తెచ్చారో! సీటు 22 అంగుళాలైతే చక్రాలతో కలిపి 30 దాకా పోతుంది.

గోపాలపట్నం_తమ్ముడు
ఇప్పుడే కొలిచాను. వీధి తలుపు 36. గది తలుపు 32. బాత్రూం 25. అద్దిల్లు, ఓనర్ గోడ ముట్టుకోనివ్వడు.

కేజీహెచ్‌డౌన్_కుర్రోడు
బాత్రూం వరకు వీల్‌చైర్, లోపలికి కమోడ్ కుర్చీ. అదీ హెవీ డ్యూటీదే చూడండి, ప్లాస్టిక్ స్టూలు మాత్రం వేయకండి. ఫోన్లో చెప్తే అర్థం కాదు, ఆవిడని తీసుకుని షాపుకే రండి.

ఆటో_అప్పన్న
గోపాలపట్నం నుంచి కేజీహెచ్ డౌనుకైతే ఆదివారం నాకు ఖాళీ తమ్ముడూ. షేరింగ్ కాదు, అక్కగారు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఫుల్ బండి రేటు అవుతుంది మరి, ముందే చెప్తున్నాను.

మర్రిపాలెం_మావయ్య
ముందు సీటులో ఎవర్నీ ఎక్కించనని కూడా ముందే చెప్పు.