ఒకే హెచ్‌ఎంఐ ప్రాజెక్ట్, 12 ప్యానెళ్లు, రెండు స్క్రీన్ సైజులు

ప్రశ్న: 800×480 పిక్సెళ్ల హెచ్‌ఎంఐ ప్యానెల్‌కి (మెషీన్ నడిపే టచ్ స్క్రీన్) చేసిన ప్రాజెక్ట్‌ని 1024×600 వాటిలోనూ వేయాలి. ఆటో స్కేల్ చేస్తే బొమ్మలు సాగిపోతున్నాయి. ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో ఫైల్ ఉండాలా?

జవాబు 1: అక్కర్లేదండి, సైజుకొకటి చాలు. అడ్డంగా 1.28, నిలువుగా 1.25 రెట్లు పెరుగుతోంది, అందుకే గుండ్రటి లాంపు కోడిగుడ్డవుతోంది. రెండువైపులా 1.25 ఇవ్వండి. 1000×600 వస్తుంది, మిగిలిన 24 పిక్సెళ్లు అటు 12, ఇటు 12 అంచుకి వదిలేయండి. ఫాంట్లు మాత్రం చేత్తో సరిచూడాల్సిందే, తెలుగు ఒత్తులైతే మరీను.

జవాబు 2: ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్యానెల్ నంబరు) ప్రాజెక్ట్‌లో వద్దు, ప్యానెల్ సెట్టింగుల్లోనే ఇవ్వండి. లేకపోతే రెండో ప్యానెల్ కలపగానే రెండింటికీ ఒకే ఐపీ అయి గొడవ. డౌన్‌లోడ్ చేసేముందు రెసిపీలు (ప్యానెల్‌లో దాచుకున్న సెట్టింగుల జాబితాలు) చెరిపే టిక్ తీసేయండి.

జవాబు 3: 12 ప్యానెళ్లూ ఒకే పీఎల్‌సీకా (మెషీన్‌ని నడిపే కంట్రోలర్)? మోడ్‌బస్ టీసీపీ (నెట్‌వర్క్ కేబుల్ మీద ప్యానెల్, పీఎల్‌సీ మాట్లాడుకునే పద్ధతి) అయితే 502 పోర్టుకి అది ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఒప్పుకుంటుందో మాన్యువల్లో చూడండి. పరిమితి దాటితే చాలాసార్లు చివర ఆన్ చేసినవాటికే ఎర్రర్ వస్తుంది, అందరూ కేబుల్‌ని అనుమానిస్తారు.