తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఏం చేయాలండి?

ప్రశ్న (అమలాపురం):
మాది రెండడుగుల చేపల తొట్టె, సుమారు 55 లీటర్లు. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ మొక్కలు వేశాను. చేపలేమో ఎనిమిది గప్పీలు, నాలుగు మోలీలు. నెల నుంచి ఆకుల అంచులకు నాచు పట్టింది. వేలితో లాగితే తడిసిన దూదిపోగులా సాగుతోంది. పొద్దున్నే ఐదింటికి చేపలన్నీ పైన తేలి నోళ్లు తెరుస్తున్నాయి. లైటు 11 గంటలు వేస్తున్నాను. మా పాప మోలీలకు పేర్లు పెట్టుకుంది, ఒక్కటి పోయినా తట్టుకోలేదు. బాగా టెన్షన్‌గా ఉందండి.

భీమవరం నుంచి:
మాకు రొయ్యల చెరువులున్నాయండి, ఇది మాకు తెలిసిన బాధే. చీకటి పడ్డాక మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. అందుకే ఆ వేళ ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆపం. మీరు ఈ రాత్రే లైటు తీయగానే ఎయిర్ పంపు వేయండి. మిగతావి తర్వాత.

పాలకొల్లు నుంచి:
లైటు ఏడు గంటలు చాలు. కిటికీ ఎండ పడుతుంటే తొట్టె జరపండి. నాచును పాత టూత్‌బ్రష్‌కి చుట్టి లాగేయండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా చచ్చి, చేపలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

అమలాపురం:
రాత్రంతా పంపు వేశాను. పొద్దున్న చేపలు అడుగునే తిరుగుతున్నాయి, చాలా థాంక్సండి. వేసవిలో కాలువకు నీళ్లు ఆపేస్తే మా ఉప్పు బోరు నీళ్లు పోయొచ్చా?

పాలకొల్లు:
మోలీలు ఓర్చుకుంటాయి, మొక్కలకే కష్టం. పట్టిపెట్టిన వాననీళ్లు సగం కలపండి. ముందు ఆ బోరు నీళ్లను ఆక్వా ల్యాబ్‌లో ఓసారి పరీక్ష చేయించండి.